పశువుల పాకలో పుట్టిన రాజు, వెలివాడ నుంచి వచ్చిన కవి

గుర్రం జాషువా అనగానే మనకు ‘గబ్బిలం’ గుర్తొస్తుంది. సభల్లో ఆ పద్యాలే పాడుకుంటాం, విద్యార్థి సంఘాల గోడల మీద ఆ పేరే రాసుకుంటాం. కానీ 1964లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన పుస్తకం ‘గబ్బిలం’ కాదు, ‘క్రీస్తు చరిత్ర’. ఈ పుస్తకం గురించి మన దగ్గర జరిగే చర్చ చాలా తక్కువ. అది భక్తి పుస్తకమని, చర్చికి వెళ్లేవాళ్లు చదువుకునేదని పక్కన పెట్టేశాం.

అలా పక్కన పెడితే జాషువా మనకు సగమే దొరుకుతారు. ఆయన కవిత్వమంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది. గుమ్మం దగ్గర మనిషిని ఆపి కులం అడగని రాజు ఎక్కడైనా ఉన్నాడా? ఆ ప్రశ్న పట్టుకుని ఆయన సుల్తాను కొలువుకు వెళ్లారు, గుడి ముందు నిలబడ్డారు, వల్లకాటి దాకా నడిచారు. అరవై ఏళ్లు దాటాక, పశువుల పాకలో పుట్టి ఊరి బయట శిలువ మీద చనిపోయిన ఒక రాజు కథను పద్యాల్లో చెప్పారు.

గుండ్లకమ్మ ఒడ్డున

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండ ప్రాంతంలో పుట్టారు. ఇప్పుడది పల్నాడు జిల్లాలో ఉంది. తండ్రి వీరయ్య గొల్ల కులస్తుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఇద్దరూ క్రైస్తవులు, వీరయ్య పాస్టరు కూడా. నూట పాతికేళ్ల కిందట ఒక గొల్ల కులస్తుడు మాదిగ స్త్రీని పెళ్లి చేసుకుని ఆ పల్లెల మధ్యే బతకడమంటే చిన్న విషయం కాదు. ఇవాళ కూడా అలాంటి పెళ్లిళ్లకు ప్రాణాలు తీస్తున్నారు. ఊరు మాత్రం తండ్రి కులాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తల్లి కులాన్ని చూసి పిల్లవాడిని దూరంగా నిలబెట్టింది.

తల్లిదండ్రులు పెట్టిన పేరు బైబిలు నుంచి వచ్చింది. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ జనాన్ని మోషే తర్వాత వాగ్దాన దేశంలోకి నడిపించిన నాయకుడి పేరది. ఆ పేరు ఆ ప్రాంతపు మాదిగ ఇళ్లలోకి ఎలా వచ్చిందో తెలియాలంటే జాషువా పుట్టడానికి ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1860ల్లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పని మొదలుపెట్టారు. మిషనరీలు సాధారణంగా ముందు పెద్దకులాల కోసం చూసేవారు. వాళ్లు వస్తే మిగతావాళ్లు వాళ్ల వెనకే వస్తారని లెక్క. ఒంగోలులో ఆ లెక్క తప్పింది. తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి తానుగా ఈ కొత్త నమ్మకాన్ని తీసుకుని, పల్లె పల్లె తిరిగి తన వాళ్లకు చెప్పాడు. మాదిగలు రావడం మొదలయ్యాక పెద్దకులాల వాళ్లు అడ్డం తిరిగారు. వీళ్లను చేర్చుకుంటే మేం రామని చెప్పారు. క్లౌ దంపతులు సందిగ్ధంలో పడ్డారు. ఆ రోజు ఇద్దరూ వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందని, అది కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని మాట అని క్లౌ తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. లోకం తృణీకరించినవాళ్లను దేవుడు ఎన్నుకున్నాడనేది ఆ భాగం సారం. వాళ్లు మాదిగలనే చేర్చుకున్నారు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చారు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువ మంది మాదిగలు. చేరేవాళ్లకు కొన్ని నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఊరి జాతర్లలో డప్పు కొట్టకూడదు. ఇవి మతం నియమాల్లా కనిపిస్తాయి. పల్లెలో మాత్రం ఇవి వెట్టి మీద దెబ్బ. వారంలో ఒక రోజు పనికి రానని భూస్వామికి చెప్పే మాదిగ అప్పటి దాకా లేడు. అలా చెప్పినవాళ్ల మీద దౌర్జన్యాలు జరిగాయి.

ఎవరూ ఎదురుచూడని రాజు

ఈ మనుషులకు చేరిన కథ ఏమిటి? రోమా సామ్రాజ్యం కింద నలిగిపోతున్న యూదు జనం ఒక రాజు కోసం ఎదురుచూస్తున్నారు. దావీదు వంశంలో పుడతాడని, కత్తి పట్టి శత్రువులను తరిమి కొడతాడని, యెరూషలేములో సింహాసనం ఎక్కుతాడని వాళ్ల ఆశ. వచ్చినవాడు వాళ్లు అనుకున్నట్టు రాలేదు. సత్రంలో చోటు లేక పశువుల తొట్టెలో పడుకోబెట్టిన బిడ్డగా వచ్చాడు. ఆ కబురు మొదట చేరింది రాత్రి పొలంలో మందలు కాచుకునేవాళ్లకు. మన క్రిస్మస్ పాటల్లో వాళ్లు గొల్లలు. పెరిగింది వడ్రంగి ఇంట్లో. తిరిగింది జాలరులతో, పన్ను వసూలు చేసేవాళ్లతో, ఊరు వెలివేసిన ఆడవాళ్లతో.

కుష్ఠురోగులను తాకకూడదని చట్టం ఉన్నచోట వాళ్లను తాకి స్వస్థపరిచాడు. యూదులు సమరయుల గిన్నె ముట్టని రోజుల్లో, బావి దగ్గర ఒక సమరయ స్త్రీని మంచినీళ్లు అడిగాడు. ఈ చివరి సంఘటన ఏ దేశంలోనైనా మంచి కథే. ఊరి బావి దగ్గర కుండ పెట్టుకుని, పైకులం వాళ్లు దయతలచి నీళ్లు పోసే దాకా గంటలకొద్దీ నిలబడ్డవాళ్లకు మాత్రం అది కథగా మిగలదు. దేవుడే తమ చేతి నీళ్లు అడిగాడన్న మాట అది.

రాజధానిలోకి వచ్చేటప్పుడు గుర్రం ఎక్కలేదు, గాడిద మీద వచ్చాడు. చనిపోయే ముందు రాత్రి నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. సైనికులు వెక్కిరింపుగా ఊదా రంగు వస్త్రం కప్పి, తలకు ముళ్ల కిరీటం గుచ్చారు. శిలువ మీద మూడు భాషల్లో యూదుల రాజు అని పలక కొట్టారు. చంపింది నగరం గోడ బయట, ఇద్దరు నేరస్తుల మధ్య. సువార్తలు చెప్పేది ఏమంటే, ఆ వెక్కిరింపులోనే నిజం ఉంది. ఆయన నిజంగానే రాజు, ఆ శిలువే సింహాసనం. మూడో రోజు సమాధి ఖాళీ అయిందన్న నమ్మకం దాని మీదే నిలబడింది.

వెలివాడ కూడా ఊరి గోడ బయటే ఉంటుంది. ఈ రాజు ఎక్కడివాడో పల్నాడు మాదిగపల్లెకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

మూడు రూపాయల జీతం

జాషువా ఈ కథ వింటూ పెరిగారు. కానీ ఆ రాజ్యం బడిలోగానీ, సభలోగానీ ఆయనకు కనబడలేదు. 1910లో మరియమ్మతో పెళ్లయింది. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పని చేశారు. ఆ ఉద్యోగం పోయాక రాజమండ్రి వెళ్లి 1915-16లో మూకీ సినిమాలకు వాచకుడిగా కుదిరారు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథ, సంభాషణలు చదవడం ఆ పని. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు, 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా చేశారు.

సంస్కృతం ఆయనకు ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. అంటరానివాడికి కావ్యాలు చెప్పే పండితులు అరుదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి చెప్పారు. ఆయన దగ్గర కాళిదాసు కావ్యాలు చదివి, ఉభయ భాషా ప్రవీణ పట్టా సంపాదించారు. ఇంత చదివినా వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివినప్పుడు, తక్కువ కులం వాడిని లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. ఆ పద్యాల్లో తప్పు పట్టడానికి వాళ్లకు ఏమీ దొరకలేదు. చదివిన నోటినే తప్పు పట్టారు.

సుల్తాను, శివుడు, వల్లకాడు

ఆ అవమానం ఆయనను పద్యం నుంచి దూరం చేయలేదు. 1932లో ‘ఫిరదౌసి’ వచ్చింది. పారశీక కవి ఫిరదౌసి కథ అందరికీ తెలిసిందే. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమూద్ మాట ఇచ్చాడు, జీవితమంతా ధారపోసి కావ్యం పూర్తి చేశాక వెండి పంపాడు. ఆ వెండిని తోసిపుచ్చి కవి వెళ్లిపోయాడు. సుల్తాను పశ్చాత్తాపపడి బంగారం పంపే నాటికి కవి లేడు. వందల ఏళ్ల కిందటి ఎక్కడో పారశీక దేశపు కథను గుంటూరు బడిపంతులు ఎందుకు ఎత్తుకున్నాడు? రాజు చేతిలో మోసపోయిన శ్రామికుడి కథ అది. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టే దొరను జాషువా చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు.

1941లో ‘గబ్బిలం’ వచ్చింది. కాళిదాసు యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపితే, జాషువా కథానాయకుడైన అరుంధతీయుడు, అంటే మాదిగవాడు, కాశీలో ఉన్న శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. మేఘాన్నో హంసనో పంపకుండా గబ్బిలాన్నే ఎందుకు పంపాడన్న దాంట్లోనే కావ్యమంతా ఉంది. అపశకునమని అందరూ తరిమే ఆ ప్రాణి గర్భగుడిలో తలకిందులుగా వేలాడుతుంది, పూజారి ఏమీ అనడు. మనిషి మాత్రం గుడి బయటే. ఇక్కడ జాషువా దేవుడిని తిట్టలేదు. దేవుడి దాకా తన మాట చేరకుండా అడ్డం నిలబడ్డవాళ్లను నిలదీశారు. అయినా ఆ కావ్యంలో దేవుడు లోపలే ఉంటాడు, మనిషి బయటే ఉంటాడు. కబురు వెళ్తుంది కానీ రాజు బయటికి రాడు.

మరి అందరినీ రానిచ్చే చోటు ఏదీ? ఆయన శ్మశానం మీద రాసిన పద్యాలను బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్ర’ నాటకంలో కాటిసీను వేసే నటులు చేర్చుకుని పాడారు. నాటకం ఆడిన ప్రతి ఊరూ ఆ పద్యాలను నేర్చుకుంది. రాజుకూ బిచ్చగాడికీ ఒకే చోటు దొరికేది అక్కడే. రాసింది ఎవరో తెలియకుండానే, గుడిలోకి రానివ్వని ఊళ్లు జాషువా పద్యాలకు కన్నీళ్లు పెట్టుకున్నాయి. కానీ చచ్చాక దొరికే సమానత్వం బతికున్నవాడి కడుపు నింపదు. ఆ సంగతి జాషువాకు తెలుసు.

రెండు వైపులా వెలి

హిందూ సమాజం ఆయనను కులం పేరుతో బయట పెడితే, క్రైస్తవ సమాజం కావ్యాల పేరుతో బయట పెట్టింది. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాల సంగతులు రాస్తున్నాడని మతపెద్దలు ఆయన కుటుంబాన్ని వెలివేశారు. పన్ను వసూలుదారులతో, పాపులతో ఒకే బల్ల దగ్గర భోంచేసినవాడి పేరు మీద నడిచే సంఘం, పద్యాలు రాసినందుకు ఒక కవిని గుమ్మం బయట నిలబెట్టింది. జాషువా తర్వాత తర్వాత హేతువాదం వైపు మొగ్గారు. తనను తాను ఏ మతానికీ కులానికీ చెందని విశ్వనరుడిగా చెప్పుకున్నారు.

చర్చిలోకి కులం రాలేదని ఎవరైనా అంటే తెలుగు నేల మీద నమ్మేవాళ్లు ఉండరు. మాల చర్చి, మాదిగ చర్చి, రెడ్ల చర్చి అని ఊళ్లలో వేరువేరుగా చెప్పుకోవడం మనకు తెలుసు. పెళ్లి సంబంధాల దగ్గర బాప్తిస్మం పనికి రాదు. సువార్త ఊరి బయటివాడిని రాజుగా చూపించింది. సంఘం ఆ రాజుకు మళ్లీ కోట కట్టి, కాపలా పెట్టింది.

కాలికి తొడిగిన గండపెండేరం

జాషువాకు వచ్చిన బిరుదులన్నిటినీ వరసగా రాస్తే ఒక రాజసభలా ఉంటుంది. నవయుగ కవి చక్రవర్తి, విశ్వకవి సామ్రాట్, మధుర శ్రీనాథ. వాటన్నిటికంటే జనం ఎక్కువగా చెప్పుకునేది గండపెండేరం సంగతి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, ఆనాటి తెలుగు సాహిత్యంలో పెద్ద దిక్కు, జాషువా కాలికి తన చేతులతో గండపెండేరం తొడిగారు. అవధాన సభలో ఎవరి ఉనికిని చూసి మైలపడ్డామన్నారో, ఆ మనిషి పాదం దగ్గర ఒక బ్రాహ్మణ మహాపండితుడు వంగారు.

వంగడం ఎప్పుడూ ఒకే వైపు జరిగే ఈ దేశంలో అది పెద్ద సంగతే. అయితే ఒక సభలో ఒక పండితుడు వంగితే వ్యవస్థ వంగినట్టు కాదు. సభ అయిపోయాక ఎవరి వాడకు వాళ్లు వెళ్తారు. చక్రవర్తి అని పిలిపించుకున్న కవి సొంత ఊళ్లో తలెత్తుకుని ఇల్లు అద్దెకు అడగగలడా అన్న ప్రశ్న ఆ బిరుదులతో తీరలేదు.

బహుశా అందుకే ఆయన మళ్లీ చిన్ననాటి కథ దగ్గరికి వచ్చారు. 1957-59 మధ్య మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పని చేశారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. తనను వెలివేసిన చర్చికి క్షమాపణ చెప్పుకోవాల్సిన అవసరం ఆయనకు లేదు. చర్చి కోసం ‘క్రీస్తు చరిత్ర’ రాశారనడం కుదరదు.

తెలుగు పద్యం వెయ్యేళ్లుగా రాజుల ఇంట పెరిగింది. నన్నయ నుంచి పెద్దన దాకా కావ్యానికి ఒక రాజు కావాలి. ఆ రాజు అంకితం తీసుకుంటాడు, అగ్రహారం ఇస్తాడు. తెలుగు క్రైస్తవులు అప్పటికే కీర్తనలు విస్తారంగా రాసుకున్నారు, చర్చిల్లో పాడుకున్నారు. కానీ పండిత సభ తలవంచే వృత్తాల్లో, చక్రవర్తుల కోసం వాడిన ఛందస్సులో ఒక వడ్రంగి కొడుకును కూర్చోబెట్టడం వేరే పని. జాషువా ఆ పని చేశారు. ఫిరదౌసిని మోసగించిన సుల్తాను వాడిన బంగారం ఈ రాజు దగ్గర లేదు. గబ్బిలం మోసుకెళ్లిన కబురు కోసం గుడిలో ఎదురుచూసే దేవుడూ కాదు. తానే ఊరి బయటికి వచ్చినవాడు. మాదిగ తల్లికి పుట్టిన కవి రాసిన ఆ కథకు 1964లో దేశం అవార్డు ఇచ్చింది. ఆ ఏడాదే ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి నామినేట్ అయ్యారు. 1970లో పద్మభూషణ్, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ వచ్చాయి. 1971 జూలై 24న గుంటూరులో చనిపోయారు.

రాజ్యం అడిగే సర్టిఫికెట్

దేశం ఆయన క్రీస్తుకు అవార్డు ఇచ్చింది. ఆ క్రీస్తును నమ్మిన దళితులకు మాత్రం ఇంకో కాగితం ఇచ్చింది. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలను, వాళ్ల సంతానాన్ని బీసీ-సీలో పెట్టి ఒక శాతం ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతంతో ముడిపెట్టడం తీసేయాలని సిఫారసు చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

క్రైస్తవంలో కులం లేదు కాబట్టి క్రైస్తవుడికి రక్షణ అక్కర్లేదని రాజ్యం వాదన. 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద గొడ్డళ్లు, బరిసెలతో పడ్డవాళ్లు ఎవరు ఏ ప్రార్థన చేస్తారని అడగలేదు. ప్రాణాలతో బయటపడ్డవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఈ రోజుకీ ఎంతోమంది పిల్లలకు బడి రికార్డులో ఒక పేరు, ఆదివారం ఇంకో పేరు. తల్లిదండ్రులు ప్రేమగా పెట్టుకున్న బైబిలు పేరు కాలేజీ సీటు కోసం దాచిపెట్టాల్సిన పరిస్థితి. జాషువా తన పేరు ఎక్కడా దాచుకోలేదు. అన్ని పుస్తకాల మీదా అదే పేరు, అన్ని అవమానాలూ ఆ పేరు మీదే పడ్డాయి.

ఆయన కూతురు హేమలత, గోరా కొడుకు లవణంను పెళ్లి చేసుకున్నారు. నాస్తిక కుటుంబంలోకి వెళ్లిన ఆమె, భర్తతో కలిసి స్టువర్టుపురంలో నేరస్తులుగా ముద్రపడ్డ కుటుంబాల మధ్య, నిజామాబాదు ప్రాంతంలో జోగినీల మధ్య ఏళ్ల తరబడి పని చేశారు. తండ్రి పద్యాల్లో చెప్పిన ఊరి బయటి మనుషుల దగ్గరికే కూతురు నడిచి వెళ్లారు. ఆమెకు ఆ దారిలో దేవుడు అవసరం లేకపోయాడు.

నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ ‘క్రీస్తు చరిత్ర’లో పని ఉంది. నమ్మేవాళ్లు తమ చర్చి గుమ్మం దగ్గర ఎవరు ఆగిపోయారో చూసుకోవడానికి, నమ్మనివాళ్లు వెలివాడ తాతముత్తాతలు ఏ మాట విని ఆదివారం పనికి రామని దొరకు చెప్పగలిగారో తెలుసుకోవడానికి. ఈసారి జాషువా జయంతికి ‘గబ్బిలం’ పద్యాలు పాడేటప్పుడు, పక్కనే ఆ రెండో పుస్తకాన్ని కూడా తెరుద్దాం.